పక్కనుంచి వెళ్ళడం

హైకోర్టులో, మూసీ వైపు కిటికీ దగ్గర
ముప్పై ఒక్క ఏళ్ళు ఇతరుల మాటలు టైపు చేశాను.
మా జడ్జిగారికి ప్రతి ముక్కా కాగితం మీద కావాలి.
వకీలు గోవర్ధన్‌దాస్ లేచి, గౌను సర్దుకుని,
"ప్రతివాది తాగుబోతని నేను అనడం లేదు మైలార్డ్,
తల్లి నిద్రలో ఉండగా వేలిముద్ర వేయించుకున్నాడన్న సంగతి
అసలు ఎత్తనే ఎత్తను" అనేవాడు.
ఎత్తనన్నదీ నేను కొట్టాలి.
మూడు కార్బన్ కాపీలు.

ఒకరోజు జడ్జిగారు కళ్ళద్దాలు దించి
"మీ ప్రేటెరిషియో అయిందా?" అన్నారు.
నాకు ప్రేతం అని వినిపించింది.
అలాగే కొట్టేశాను.
సాయంత్రం ఆ కాగితం పట్టుకుని నకళ్ళ విభాగంలో
ఖమరున్నీసా పడి పడి నవ్వింది.
"అసలు మాటేందో కనుక్కుని రండి నర్సింగ్ సాబ్,
తప్పైనా తెలిసి చెయ్యాలి గదా."

గన్‌ఫౌండ్రీ చర్చి వెనక
ఫాదర్ జోజప్ప మొక్కలకు నీళ్ళు పడుతున్నారు.
"ప్రేటెర్ అంటే పక్కనుంచి, దాటి. ఈరె అంటే వెళ్ళడం.
ఒక ఇంటి ముందు తల తిప్పుకుని పోయేవాడు
ఆ ఇల్లెక్కడో వాడకట్టు మొత్తానికీ చూపిస్తాడు.
రోము వకీళ్ళు ఆ నడకకు పేరు పెట్టుకున్నారు.
గ్రీకులు పక్కన వదిలెయ్యడం అన్నారు,
వదిలేశారంటే ఎవరూ నమ్మలేదనుకో."
పైపు ఇంకో పాదులోకి జరిపి,
"వాళ్ళ వ్యాకరణంలో భూతకాలానికీ ఇదే పేరు.
వెళ్ళిపోయింది కనుక."
మనదీ అంతే కదా ఫాదర్, గతం, అన్నాను.
ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. నీళ్ళు పాదు దాటాయి.
"నువ్వు కొట్టిన తప్పు మరీ తప్పేం కాదోయ్.
మన ప్రేతలో ప్ర పక్కన ఇత ఉంది, వెళ్ళినవాడు.
ఆ ఇత, ఈ ఈరె, ఒక్క తల్లి బిడ్డలు."

తిరిగొస్తుంటే మా ధూల్‌పేట నల్లా గుర్తొచ్చింది.
"నీ మొగడు కల్లుదుకాణంల పడున్న ముచ్చట నాకెందుకమ్మా,
నీ కోడలు ఎందుకు ఎళ్ళిపోయిందో నేనడుగుతనా?"
మా అవ్వకు లాటిన్ రాదు.
బిందె నిండేలోపు
మూడు సంసారాల పక్కనుంచి వెళ్ళి వచ్చేది.

ఖమరున్నీసాకు అంతా చెప్పాను, ప్రేత దాకా.
"మా అమ్మీ కూడా! మై కుచ్ నై బోల్తీ అని మొదలుపెడితే
ఇషా నమాజు దాకా ఆగదు."
నవ్వేటప్పుడు నోటికి అడ్డం పెట్టుకునే ఆ చెయ్యి,
వేళ్ళ చివర కార్బన్ నీలం,
అదంతా ఇప్పుడెందుకులే.

నా కిటికీలోంచి చూస్తే మూసీ అవతల
ఉస్మానియా దవాఖానా గుమ్మటాలు.
చివరి వార్డు, ఏడో మంచం అని నేను చెప్పడం లేదు.
సంచిలో బత్తాయిలు వేసుకుని మెట్ల దాకా వెళ్ళి,
పైన ఆమె అన్నదమ్ములు ఉంటారని,
నేనెవరని అడిగితే ఏమని చెప్పాలని,
వెనక్కి తిరిగిన సాయంత్రాలు పదకొండని
లెక్కపెట్టుకోలేదు.
పన్నెండో రోజు ఆ మంచం మీద దుప్పటి మార్చారన్న సంగతి
ఎత్తనే ఎత్తను.
బత్తాయిలు నయాపూల్ మీద తాళాలు బాగుచేసే ముసలాయనకిచ్చాను.
ఎందుకిస్తున్నావని ఆయన అడగలేదు.
ఒకటి ఒలిచి, సగం నాకే పెట్టాడు.

పింఛను కాగితాల కోసం ఇప్పటికీ ఆ దారినే పోతాను.
"దవాఖానా, దవాఖానా, దిగేటోళ్ళున్నరా?"
కండక్టరు అరిచినప్పుడు
టికెట్ మీద నంబరు చదువుకుంటాను, పైనుంచి కిందికి,
కిందినుంచి పైకి.
నిన్న పక్కసీట్లో ఎవరిదో చిన్నపిల్ల
నా మీదుగా కిటికీలోకి వంగి
"తాతా, ఆడ ఎవరున్నరు?" అంది.

నేను అటు చూడనే లేదే.